చేదు నారింజ సోడా, రెండు గ్లాసులు

2007 ఫిబ్రవరి 3, రేపల్లె

ముందుగా ఈ కాగితం నన్ను మన్నించాలి. నా రాత బాగుండదు. పెనుమూడి బడిలో అయిదో తరగతి వరకే చదివాను. ఆ తర్వాత చేతిలో పలక పోయి తెడ్డు వచ్చింది. వత్తులు, దీర్ఘాలు తప్పు పోతే ఏమీ అనుకోవద్దు. నోటితో చెప్పలేనివి ఎక్కడో ఒకచోట పెట్టుకోవాలి కదా.

తెనాలి డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాను. కడుపు తడిమి చూశాడు. "కల్లు మానెయ్యాలి పెద్దాయనా. ఒక్క చుక్క కూడా వద్దు." సరేనండి అన్నాను. అంతే. రైల్లో కిటికీ పక్కన కూర్చుని అదే ఆలోచన. కల్లు పోతే పోయింది. సాయంత్రం సంగతేంటి?

పెనుమూడి రేవులో నా పడవ ఆగిపోయి, వంతెన మీద బస్సులు తిరగడం మొదలయ్యాక నాకంటూ మిగిలింది సాయంత్రమే. నాంచారమ్మ కల్లుపాక, అక్కడి బల్ల, ఎదురుగా సుభానీ భాయ్. ఆయన తాగడు. మతం ఒప్పుకోదు. గోళీ సోడా ముందు పెట్టుకుని కబుర్లు చెబుతాడు. ఓడల్లో వంటవాడిగా చేసి వచ్చిన మనిషి, కబుర్లకేం తక్కువ. నేను వింటాను. ఒక దొన్నె కల్లు దిగాక నేనూ నాలుగు మాటలు అంటాను. ఇంకెక్కడా నాకు నోరు పెగలదు.

తాగేవాడి కోసం తాగనివాడు వచ్చి కూర్చుంటున్నాడు. తాగేవాడు మానేస్తే ఇక ఎందుకు వస్తాడు?

ఫిబ్రవరి 4

పాకకు వెళ్ళలేదు. అరుగు మీద కూర్చున్నాను. దోమలు.

ఫిబ్రవరి 5

వెళ్ళలేదు.

ఫిబ్రవరి 6

పొద్దుగూకే వేళ గేటు చప్పుడు. సుభానీ భాయ్. చంకలో గొడుగు, వాన లేకపోయినా. చెప్పాను, డాక్టరు అన్న మాట.

"అయితే ఏంటి తమ్ముడూ? కల్లు మానేస్తే నన్ను కూడా మానేసినట్టేనా?"

చెప్పులు వేసుకున్నాను.

నాంచారమ్మ చూసి చేతులు నడుం మీద పెట్టుకుంది. "వచ్చాడమ్మా పెళ్ళికొడుకు! మూడు రోజులైంది బాబాయ్, కుండ నీ కోసం ఏడుస్తోంది." భాయ్ సంగతి చెప్పాడు. చెట్టు దిగిన కల్లు అటువైపు వాళ్ళకు పోసింది, నా బల్ల దగ్గరికి తేలేదు. వాసన మాత్రం వచ్చింది. పుల్లగా, తాటాకు తడిసిన వాసన… నోరూరింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఉత్త బల్ల ముందు కూర్చోవడం బస్టాండులో కూర్చున్నట్టుంది.

ఫిబ్రవరి 8

ఈరోజు భాయ్ జెనోవా సంగతి చెప్పాడు. ఇటలీలో ఊరు అది. ఓడ రిపేరుకు పెడితే చాలా కాలం అక్కడే ఉండిపోయాడట. సముద్రం ఒడ్డున కొండ, కొండ మీదికి సందులు, మనిషి భుజాలు గోడలకు రాసుకునేంత సందులు. సందు సందుకీ బార్ అట. పొద్దు వాలగానే జనం వస్తారు. కూర్చోరు. కౌంటరుకు మోచేయి ఆనించి నిలబడతారు. ఒక్క గ్లాసు. ముందు ఒక చిన్న ప్లేటు. రేగుపండంత పచ్చకాయలు, ఆలివ్‌లు అంటారట, ఉప్పులో ఊరినవి. కొన్ని చోట్ల శనగపిండి అట్టు ముక్కలు.

"శనగపిండి అట్టా? దొరలు?" అంది నాంచారమ్మ.

"దొరలే. రేవులో మూటలు మోసేవాడూ, కోటు తొడుక్కున్న ప్లీడరూ పక్కపక్కనే. ముసలమ్మలు కూడా వస్తారు, పెదాలకు రంగేసుకుని."

"ఆడవాళ్ళు కూడానా? మంచి ఊరు బాబాయ్ అది. పోసేదెవరు?"

"మరియా అని ఒకావిడ. నీలాగే నోరు పెద్దది, చెయ్యి కూడా పెద్దదే."

నాంచారమ్మకు ఆ మాట నచ్చింది.

ఆ మరియా బార్‌లో మొదటి రోజు భాయ్ మూలగా నిలబడ్డాడట, తాగనివాణ్ణి, పొమ్మంటారేమోనని. ఆవిడ ఏమీ అడగలేదు. అందరికీ ఇచ్చే గ్లాసులోనే నల్లటి సోడా పోసిచ్చింది. చేదు నారింజ సోడా. మందు కాదు. చూసేవాళ్ళకు తేడా తెలియదు. "ఆ గ్లాసు చేతిలో ఉన్నంతసేపూ నేనూ ఆ ఊరివాణ్ణే" అన్నాడు.

ఇంకో మాట కూడా చెప్పాడు. గ్లాసులు తగిలించేటప్పుడు ఎదుటి మనిషి కళ్ళలోకి చూడాలట. చూడకుండా తాగితే అక్కడ పెద్ద తప్పు.

నాకు ఆ ఊరు కుదరదు అనుకున్నాను. పడవలో కూడా నేను నీళ్ళవైపే చూసేవాణ్ణి.

ఫిబ్రవరి 12

భాయ్ సంచితో వచ్చాడు. చెరుకుపల్లి నుంచి నారింజకాయలు తెప్పించాడట. పులిహోరకు పిండేవి. తొక్కలు ఉడికించి, బెల్లం పాకంలో వేసి, సుగంధి వేళ్ళు కూడా వేసి ఏదో కాచాడు. సీసాలో నల్లగా ఉంది. గ్లాసు అడుగున పోసి పైన గోళీ సోడా కొట్టాడు. బుస్సుమని పొంగింది.

తాగాను. ముందు తీపి. తర్వాత చేదు నాలుక వెనక నుంచి వస్తుంది, మెల్లగా.

"ఎలా ఉంది?"

"చేదండి."

"అబ్బ, అసలు అదే ఉండాలి!" గంతేసినంత పని చేశాడు, ఈ వయసులో.

నాంచారమ్మ ఒక గుక్క తాగి ఉమ్మేసింది. "దీనికంటే వేపాకు నమలొచ్చు కదా." కానీ రేపటికి శనగపిండి అట్టు వేస్తానంది.

ఫిబ్రవరి 13

అట్టు వేసింది. ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ దంచి వేసింది. జెనోవాలో మిరపకాయ ఉండదట. పాపం వాళ్ళు.

నాకో అలవాటుంది. గ్లాసులో వేలు ముంచి మూడు చుక్కలు నేల మీద చిలకరిస్తాను. పోయినవాళ్ళకి. మా నాన్న అలాగే చేసేవాడు, కల్లుపాకలో అందరూ చేస్తారు. ఈరోజు సోడాతోనూ చేశాను, చెయ్యి దానంతటదే పోయింది.

"సోడా పోస్తున్నావా వాళ్ళకి? తేన్పులొస్తాయి తమ్ముడూ."

నవ్వాను. ఎన్నాళ్ళకో పైకి వినపడేలా నవ్వాను.

తర్వాత భాయ్ గ్లాసు ఎత్తాడు. తగిలించాను. చూపు కిందకే పోయింది.

"నేలలో ఏముంది తమ్ముడూ? పోయినవాళ్ళ వాటా ఇచ్చేశావుగా. ఉన్నవాణ్ణి ఇక్కడున్నాను."

గ్లాసు వైపు చూశాను. అంతవరకే అయింది.

ఫిబ్రవరి 24, తెనాలి నుంచి వచ్చి

మళ్ళీ డాక్టరు. ఈసారి భాయ్ తోడొచ్చాడు. బాగుంది అన్నాడు డాక్టరు, ఇలాగే ఉండమన్నాడు. రైలుకు టైముంది. భాయ్‌కి ఒక బుద్ధి పుట్టింది. అసలైన బార్‌లో నిలబడాలట, జెనోవాలో లాగా.

స్టేషను దగ్గరి బార్. లోపల చీకటి, చల్లగాలి, టీవీలో క్రికెట్. కౌంటరుకు మోచేతులు ఆనించి నిలబడ్డాం. సర్వరు కుర్రాడు కాదు, నడివయసు మనిషి. కంగారు పడ్డాడు.

"టేబుల్ ఖాళీగా ఉంది బాబాయ్, కూర్చోండి."

"నిలబడతాం బాబూ."

"కాళ్ళు నొప్పులొస్తాయండి. ఎవరికోసమైనా చూస్తున్నారా?"

"జెనోవాలో ఇలాగే నిలబడతారు."

"ఆ బార్ ఎక్కడండి, మార్కెట్టు వైపా?"

"కొంచెం దూరంలే" అన్నాడు భాయ్, మొహం కదలకుండా.

రెండు సోడాలు, ఉడికించిన శనగలు అడిగాం. భాయ్ జేబులోంచి సీసా తీశాడు. సర్వరు చెయ్యి అడ్డం పెట్టాడు. "బయటి సరుకు వద్దండి, ఓనరు చూస్తే నన్ను తిడతాడు." భాయ్ మూత తీసి వాసన చూపించాడు. ఆయన వేలి చివర అంటించుకుని నాకాడు. "కాకరకాయ రసమా బాబాయ్ ఇది?" మొహం చూడాలి. వెళ్ళి ఇంకో ప్లేటు శనగలు తెచ్చిపెట్టాడు, మమ్మల్ని చూసి జాలేసిందో ఏమో.

అద్దంలో మేమిద్దరం కనిపించాం. తెల్ల తలలు రెండు. ఒకే రంగు గ్లాసులు రెండు. నేను ఆ అద్దంలోకి చాలాసేపు చూశాను. అద్దంలో అయితే భాయ్ మొహం చూడగలను.

మార్చి 5

భాయ్ మేనకోడలు షాహిదా బాపట్ల నుంచి వచ్చింది. భాయ్ అద్దెకుండే ఇల్లు పడగొడుతున్నారట, ఉగాది లోపు ఖాళీ చేయాలి. భాయ్ నాకు చెప్పనే లేదు.

"మామూని మా ఇంటికి తీసుకెళ్ళిపోతాను బాబాయ్" అంది నాతో. "ఒక్కడే ఉంటున్నాడని మాకు మనసు మనసులో ఉండటం లేదు."

మంచి పిల్ల. కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని చెప్పింది. అవునమ్మా అన్నాను.

నా ఇంటి వెనక గది ఉంది. తెడ్లు, తాళ్ళు, చిరిగిన తెరచాప పడేసి ఉన్న గది. కిటికీ కాలవ వైపు.

మార్చి 6

ఈరోజు చెప్పేయాలనుకున్నాను. భాయ్, నా వెనక గదిలో ఉండండి. ఇంతే కదా. దారి పొడుగునా అనుకుంటూ వెళ్ళాను.

"ఏంటి తమ్ముడూ, పెదాలు కదులుతున్నాయి?"

"ఏం లేదండి."

అట్టు చల్లారిపోయింది.

మార్చి 7

ఏం లేదండి, మళ్ళీ. ఇదివరకు ఒక దొన్నె దిగితే మాట వచ్చేది. ఈ నారింజ దిగితే చేదే వస్తోంది.

మార్చి 9

వెనక గది ఖాళీ చేశాను. తెడ్లు పెరట్లో పెట్టాను. ఒకటి మాత్రం లోపల మూలనే ఉంచాను. గోడలకు సున్నం వేయించాను. ఎందుకు అని సున్నం వేసిన మనిషి అడిగాడు. బూజు పట్టిందని చెప్పాను.

మార్చి 14

వెళ్ళిపోయాడు. రేపల్లె స్టేషనులో ఒక ట్రంకు పెట్టె, గొడుగు, వంట గరిటెలు కట్టిన గుడ్డ మూట. షాహిదా కిటికీ పక్క సీటు పట్టింది.

"నోరు తెరువు తమ్ముడూ, చెప్పు ఏదైనా."

"జాగ్రత్తండి."

రైలు కదిలింది. జాగ్రత్తండి! ఊరు వెళ్ళే ఎవరికైనా చెప్పే మాట.

మార్చి 16

నాంచారమ్మ అడగకుండానే రెండు గ్లాసులు పెట్టింది. తర్వాత చూసుకుని ఒకటి తీయబోయింది. ఉండనీ అన్నాను.

"ఉండమని ఆయనతో అనాల్సింది బాబాయ్, గ్లాసుతో కాదు."

దానికి అన్నీ తెలుసు.

మార్చి 20

కాయిన్ బాక్సు నుంచి బాపట్లకు ఫోను చేశాను. భాయ్‌కి ఫోనులో వినపడదు. హలో, హలో, ఎవరూ, హలో. పెట్టేశాను.

మార్చి 27, బాపట్ల వెళ్ళొచ్చాను

తెనాలిలో రైలు మారి వెళ్ళాను. సీసా తువ్వాలులో చుట్టుకుని తీసుకెళ్ళాను. భాయ్ చెప్పిన పద్ధతిలో నేనే కాచాను. బెల్లం కొంచెం మాడింది.

వాళ్ళ ఇల్లు బాగుంది. షాహిదా మొగుడు టైలరు, మిషను వరండాలో. భాయ్ ఒంటికి కొత్త చొక్కా. బుగ్గలు నిండాయి. సముద్రం చూద్దామని ఆటోలో సూర్యలంక తీసుకెళ్ళాడు. ఒడ్డున బండి దగ్గర సోడాలు కొన్నాం. గాజు గ్లాసులు అడిగి తీసుకున్నాం. నిలబడే తాగాం. ఎదురుగా సముద్రం.

"మరియా చూస్తే మెచ్చుకునేది" అన్నాడు. తర్వాత, "మాడింది" అన్నాడు. తర్వాత, "బాగుంది."

"అక్కడ ఎలా ఉందండి మీకు?"

"బాగా చూసుకుంటున్నారు. గరిట ముట్టుకోనివ్వరు. సాయంత్రం టీవీ పెడతారు. సీరియల్లో ఎవరు ఎవరికి అత్తో ఇంకా తెలియలేదు."

గ్లాసు ఎత్తాడు. నేనూ ఎత్తాను. తగిలించాను.

చూశాను.

ఆయన కళ్ళు అంత తేనెరంగులో ఉంటాయని ఇన్నేళ్ళూ తెలియదు. ఎడమ కంటికి పొర కూడా వస్తోంది. ఆయన కూడా చూపు తిప్పలేదు. గాలికి నీళ్ళు వచ్చాయి, ఇద్దరికీ.

"వెనక గదికి సున్నం వేయించాను" అన్నాను.

"ఎవరికి తమ్ముడూ?"

నోరు తెరిచాను. మాట వచ్చేదే. ఆటో అతను హారను కొట్టాడు, రైలు అందదు బాబాయ్ అని. భాయ్ నా భుజం మీద చెయ్యి వేసి నడిచాడు. స్టేషను దాకా తీయలేదు ఆ చెయ్యి. మళ్ళీ అడగనూ లేదు.

రైల్లో గుర్తొచ్చింది. ఈరోజు మూడు చుక్కలు వేయడం మర్చిపోయాను. ఇన్నేళ్ళలో ఇదే మొదలు.

మార్చి 28

పోస్టాఫీసుకు వెళ్ళి కార్డు కొన్నాను. పొద్దుట్నుంచీ రాస్తున్నాను. మాటలన్నీ నీటి మీద పడవలా ఊగుతున్నాయి. చివరికి ఇలా వచ్చింది. మళ్ళీ మార్చాలనిపించకుండా ఇక్కడ కూడా రాసి పెడుతున్నాను.

"భాయ్, సున్నం మీకోసమే వేయించాను. గది చిన్నది. కిటికీ కాలవ వైపు, గాలి వస్తుంది. మసీదు రెండు వీధుల అవతల, అజాన్ వినపడుతుంది. పొయ్యి మీరే పెట్టుకోవచ్చు, నేను గరిట లాక్కోను. షాహిదా మంచి పిల్ల, ఆమె నొచ్చుకుంటుందంటే రావద్దు, నేనేమీ అనుకోను. రాగలిగితే మాత్రం ఉండిపోయేలా రండి. నారింజలు అయిపోతాయేమోనని నాంచారమ్మ తొక్కలు ఎండబెడుతోంది. నా రాత చదవడం కష్టమైతే ఆ పిల్లతో చదివించుకోండి, సిగ్గుపడను. ఒక్క ముక్క రాసినా చాలు. త్వరగా రాయండి."