మూడు చవక అద్దాలు, ఒక ఖరీదైన అన్నయ్య

అరవై తొమ్మిదేళ్ళ వయసు దానను, పెళ్ళి చేసుకోనిదానను, బతికినన్నాళ్ళూ ఫోటోలు తీసి పొట్ట పోసుకున్నదానను, ఒంట్లో చక్కెర తప్ప బుర్రలో ఏ లోపమూ లేనిదానను అయిన నేను, ఎవరి బలవంతమూ బుజ్జగింపూ లేకుండా నా ఇష్టపూర్తిగా రాయించుకుంటున్న వీలునామా ఇది. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాశానంటూ మా అన్నయ్య ఏదైనా కాగితం తెచ్చి చూపిస్తే, దానిమీది సంతకం ఆయనదే అయి ఉంటుంది. ఇతరుల పనిమీద సంతకం పెట్టడం ఆయనకు మొదటినుంచీ అలవాటు.

1. దీన్ని అమలుపరిచే బాధ్యత కెమెరాలు బాగుచేసే మాస్టారికి అప్పగిస్తున్నాను. నేనెరిగిన మగవాళ్ళలో తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకున్నవాడు ఆయనొక్కడే. నెగటివ్‌ను పెద్ద ఫోటోగా దించే నా ఎన్‌లార్జరు, స్క్రూడ్రైవర్ల డబ్బా ఆయనకు చెందుతాయి.

2. నా ఫిల్ము కెమెరా, దానికి బిగించే ఒకటి, రెండు, నాలుగు నంబర్ల మూడు క్లోజప్ అద్దాలు మా అన్నయ్య కూతురికి, అంటే నా మేనకోడలికి చెందుతాయి. కళ్ళజోడు అద్దాన్ని రింగులో కూర్చినట్టుండే ఈ చవక సరుకును మాస్టారి కొట్లో, పాత సామాన్ల బుట్టలోంచి ఏరుకున్నాను. అమ్మడూ, చట్టానికి అక్కర్లేకపోయినా నీకు పనికొస్తుంది కనుక రాస్తున్నాను. నాలుగో నంబరు అద్దం లెన్సుకు ఆనించి బిగించు, రెండో నంబరుది దానిమీద. మూడూ ఒకేసారి పెట్టావంటే అంచులు అలుక్కుపోతాయి. ఫోకస్ రింగు జోలికి పోకు, నువ్వే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఊగు. అపర్చరు, అదే వెలుతురు దూరే కన్నం, పదకొండుకో పదహారుకో మూసెయ్. ఆకు కదలడం ఆగేదాకా ఊపిరి బిగబట్టు. కెమెరా లోపల ఫిల్ము ఆనుకునే చట్రానికి ఒక మూల చిన్న నొక్కు ఉంది. దాన్ని ఎవరిచేతా సాపు చేయించకు. ఎందుకో నాలుగో అంశంలో ఉంది.

3. నాన్న నడిపిన స్టూడియోలో నా వాటా కోరడం లేదు. నాన్న పోయాక ముందుగది అన్నయ్యదైంది, చీకటిగది నాదైంది. ఆయన పురుగుల్నీ పూలనీ దగ్గరనుంచి తీసే ఖరీదైన లెన్సొకటి తెప్పించి, మఖమల్ పెట్టెలో పెట్టి, జనం ఉన్నప్పుడల్లా తెరిచి తుడిచేవారు. తుడవడం బాగా వచ్చింది. నా అద్దాల్ని చూసి, "ఆ సీసా పెంకులు జనం కంట పడనీకు చెల్లీ, స్టూడియో పరువు పోతుంది" అనేవారు.

మొక్కల తెగుళ్ళ ఆఫీసు ఆ స్టూడియోకు ఒక పని అప్పగించింది. కూరగాయల తోటల్లో ఆకుల అడుగున ఏ గుడ్డు ఏ పురుగుదో రైతులు గుర్తుపట్టేలా ఒక పుస్తకం వేయాలి, దానికి ఫోటోలు కావాలి. అన్నయ్య మఖమల్ పెట్టెతో తోటకు వెళ్ళి, మూడు రీళ్ళ పొగమంచు తీసుకొచ్చారు. "గాలి ఎక్కువగా ఉంది" అన్నారు. గాలి మాట అబద్ధం కాదు, అదంతా ఆయనలోనే ఉంది.

తరవాత నేను వెళ్ళాను. ఇరవై రెండు ఉదయాలు మట్టిలో బోర్లా పడుకున్నాను. వదిన నా పక్కన మోకాళ్ళమీద కూర్చుని, తెల్ల అట్టముక్కతో ఎండను ఆకు కిందికి మళ్ళించేది. "కదలకు వదినా" అంటే, "నేను కదల్లేదు, నీ పురుగే కదిలింది" అనేది. నా జన్మలో అంత హాయిగా నవ్విన రోజులు మరి లేవు.

4. పుస్తకం వచ్చింది. అట్టమీద అన్నయ్య పేరు. ఫోటోగ్రాఫర్ల సంఘం సభ పెట్టి ఆయనకు వెండి కప్పు ఇచ్చింది. ఏ లెన్సు వాడారని ఎవరో అడిగితే, ఆయన మఖమల్ పెట్టె పైకెత్తి చూపించారు. వెనక వరసలో కూర్చున్న నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లకు నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

పేరుతో ఆగి ఉంటే ఊరుకునేదాన్నే. ఫోటోల కింద మాటలు కూడా ఆయనే రాశారు. నా నోట్‌బుక్ తెరవలేదు. సన్నటి దారాల కొసన నిలబడే గుడ్లు మేలు చేసే పురుగువి, దాని పిల్లలు ఆకుల రసం పీల్చే పేనుబంకను తినేస్తాయి. ఆయనకు అవి చూడ్డానికి వికారంగా తోచాయట, వాటి కింద "తెగులు, వెంటనే తుడిచెయ్యండి" అని రాశారు. ఆకుల్ని కొరికే పురుగు పెట్టిన ముత్యాల్లాంటి గుడ్ల కింద "మిత్రుడు" అని రాశారు.

ఒక తోట ఆవిడ డబ్బా నిండా ఆకులు పట్టుకుని ఆ ఆఫీసుకు వచ్చింది. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను. "పొద్దున్నుంచీ ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కటి మిగలకుండా తుడిచేశామమ్మా" అంది గర్వంగా. ఆ సంవత్సరం ఆమె వంగతోట మొదళ్ళతో సహా పోయింది.

ఆవిడ వచ్చిన రోజే నేను ఇంటికెళ్ళి నెగటివ్‌లూ నోట్‌బుక్కూ తెచ్చి ఆఫీసరమ్మ బల్లమీద పెట్టాను. అన్నయ్యను పిలిపించారు. "అవి నేను తీసినవే, చెల్లెలికి మతి చెడింది" అన్నారాయన. ఆఫీసరమ్మ భూతద్దం తీసుకుంది. ప్రతి ఫ్రేము మూలా నా కెమెరా నొక్కు పడి ఉంది. ప్రింట్లలో దాన్ని కత్తిరించేశారు గానీ, నెగటివ్ సంగతి ఆయనకు తట్టలేదు. చీకటిగదిలోకి అడుగుపెడితే కదా తట్టడానికి! ఆమె ఆయన కెమెరా తెప్పించి, "ఇందులో నొక్కు చూపించండి" అంది. ఆయన దాహంగా ఉందన్నారు.

పుస్తకాలు వెనక్కి తెప్పించి కాల్చారు. సరిచేసిన ప్రతిలో నా పేరు వేశారు. సంఘం మాత్రం కప్పు వెనక్కి అడగలేదు. అడిగితే ఇచ్చింది తప్పని ఒప్పుకున్నట్టవుతుందట. ఆ సంఘానికి నా పాత చెప్పులజత రాసి ఇస్తున్నాను. సభలో ఎక్కడ పెట్టుకున్నా సరే.

5. నెగటివ్‌లన్నీ, నోట్‌బుక్కుతో సహా, మొక్కల తెగుళ్ళ ఆఫీసుకు చెందుతాయి. ఫోటోల కింద ఏం రాసినా, నోట్‌బుక్ చదివే రాయాలి.

6. ఆ తోట ఆవిడ ఇప్పుడు లేదు. నేను దాచుకున్న డబ్బంతా ఆమె కోడలికి ఇవ్వాలి. ఎందుకని అడిగితే, చప్పట్లు కొట్టినందుకని మాస్టారు చెప్పాలి.

7. నేనుంటున్న రెండు గదులూ, మిగిలిన సామానూ మేనకోడలివి.

8. అన్నయ్యకు ఏమీ లేదు. మరిచిపోయి వదిలేశానని ఆయన కోర్టుకెక్కకుండా, గుర్తుంచుకునే వదిలేశానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

9. నా బంగారు గాజుల జత వదినకు రాయాలనుకున్నాను. ఈ కాగితాలు రాస్తుండగా లాయరుగారు ఒక నియమం చెప్పారు. సాక్షి సంతకం చేసినవారికి గానీ, వారి భర్తకు గానీ, ఈ వీలునామా కింద ఏదీ దక్కదట. పక్కనే ఉన్న వదిన "భర్తకు గానీ" అన్న మాటను ఆయనచేత మరోసారి చెప్పించుకుంది. తరవాత, "గాజులు పిల్లకివ్వు. ఆ కలం ఇటు తే" అంది. కనుక గాజులు మేనకోడలికి.

పైన రాసినదంతా చదివించుకుని విని, సరేననుకుని, 2004 ఆగస్టు పదిహేడో తేదీ మంగళవారం పగలు పదకొండింటికి, నా గదిలో, సాక్షుల ఎదుట సంతకం చేశాను.

(సంతకం)
స్టూడియో చీకటిగదిలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసినామె

సాక్షులు:
1. (సంతకం) మేడ కింద మందుల షాపు నడిపే ఆయన
2. (సంతకం) స్టూడియో యజమాని భార్య