మన ల్యాప్‌టాప్‌కి పట్టే డ్రైవ్

షార్జా,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి సౌభాగ్యవతి సుజాతకు అక్క నాగమణి దీవించి రాస్తున్నది. నువ్వు, మరిదిగారు, చిన్ని, మీ అత్తగారు అందరూ ఒంట్లో కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. నేను బాగున్నాను. నిజంగానే బాగున్నాను, ఫోన్లో మళ్లీ గుచ్చి గుచ్చి అడగకు. మోకాలి నొప్పి తగ్గింది. తిండికి లోటు లేదు.

ఫోనుండగా ఈ కాగితమేమిటని నవ్వుకుంటావేమో. నేను ఫోన్ చేస్తే మీ ఇంట్లో స్పీకర్ పెట్టి అందరూ వింటారు. ఇది మాత్రం ముందు నువ్వొక్కదానివే చదవాలి. అందుకే నువ్వు అడిగిన డ్రైవ్‌తో పాటు కవర్ అంటించి రత్నానికి ఇస్తున్నాను. మన పక్క ఊరి రత్నం మంగళవారం సెలవు మీద ఇంటికొస్తోంది. ఆమె తప్పితే మన వైపు వెళ్లేవాళ్లు మళ్లీ రెండు నెలల దాకా లేరు. అప్పటికి నువ్వు ఊళ్లోవాళ్లకు నింపిపెట్టే కాలేజీల దరఖాస్తుల పని అయిపోతుంది, నీ ల్యాప్‌టాప్ ఇలాగే మొరాయిస్తే జనం నీ దగ్గరికి రావడం మానేసి టౌనుకు పోతారు. అది నాకు తెలుసు. తెలిసే ఇంత హైరానా పడ్డాను.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. బస్సు దిగి నాలుగు అడుగులు వేసేసరికి చీర ఒంటికి అంటుకుపోతుంది. ఇంట్లో ఏమో ఏసీ చలికి వంటగదిలోనూ శాలువా కప్పుకుంటాను. మేడమ్ మంచిదే. నేను చేసే పప్పుచారు వాళ్ల ఇంట్లో అందరికీ అలవాటైంది. చేపలు మాత్రం గుమ్మం లోపలికి రానివ్వదు. రత్నం తిరిగొచ్చేటప్పుడు పావుకిలో ఎండు రొయ్యలు పంపు. మూడు కవర్లలో చుట్టు, లేకపోతే నన్నూ రొయ్యలనూ కలిపి బయటికి పంపుతుంది.

సరే, అసలు సంగతి. కిందటి ఆదివారం రత్నంతో కలిసి ఇక్కడి రోలా బజారుకు వెళ్లాను. అక్కడ ఒక సందులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. అందులో పనిచేసే ఖాదర్‌ది కడప వైపు. తెలుగు వినగానే కుర్చీ వేశాడు. డ్రైవ్ కావాలనగానే వెంటనే ఇవ్వకుండా ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"ల్యాప్‌టాప్ తెచ్చినావా అక్కా? పోనీ మాడల్ నంబరన్నా సెప్పు. సూడకుండా డ్రైవ్ అమ్మేది నాకు ఇష్టం లేదు."

"ఊళ్లో ఉందండి, మా చెల్లి దగ్గర."

"ఎన్నేండ్లది? ఈమధ్యదైతే ఈ సన్నది పడతాది. పాతదైతే దీనికి లోపల చోటే ఉండదు, పెట్టె మాదిరిది కావాల. ఏదో ఒకటి తీస్కపోతే పట్టదు సూడు."

నేను నోరు విప్పేలోగా రత్నం అందుకుంది. "కొత్తదేనండి! కరోనా అయ్యాక ఈవిడే కొని పంపింది. మోసుకెళ్లింది నేనే కదా, నాకు తెలీదేంటండి?"

ఖాదర్ నా వైపు చూశాడు. రత్నం కూడా చూసింది. "అవునండి, కొత్తదే" అన్నాను. అతను సన్నగా చూయింగ్ గమ్ ముక్కలా ఉన్న డ్రైవ్ ఒకటి పెట్టెలో పెట్టి ఇచ్చాడు. "సీలు ఇప్పొద్దక్కా. ఇప్పితే వాపసు తీసుకోను" అని మాత్రం చెప్పాడు.

సుజా, అది కొత్తది కాదు. నేను కొనలేదు.

కరోనా వచ్చినప్పుడు నేను పనిచేసే ఇంటివాళ్లు అన్నీ సర్దుకుని వాళ్ల దేశం వెళ్లిపోయారు. ఆ ఇంటి పిల్లాడు స్కూల్లో ఉండగా వాడిన ల్యాప్‌టాప్ అది. అప్పటికే దానికి ఏడేళ్లు. పారేయబోతుంటే అప్పటి మేడమ్‌ను అడిగి తీసుకున్నాను. నీ పెళ్లప్పుడు అందరి ముందు, మా చెల్లికి దుబాయ్ నుంచి కొత్త ల్యాప్‌టాప్ పంపుతానని గొప్పగా చెప్పాను కదా. తీరా చూస్తే చేతిలో పని లేదు. మీ అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతున్నారు. ఏం చేయను? బట్టతో తళతళా తుడిచి, కొత్త బ్యాగు కొని అందులో పెట్టాను. అట్టపెట్టె విమానంలో బరువవుతుందని తీసేశానని అందరికీ చెప్పాను. రత్నానికీ అదే చెప్పాను. రత్నం నోట్లో మాట దాగదు, తెలుసుగా. ఇక్కడ నేను తుమ్మితే సాయంత్రానికల్లా మన ఊళ్లో నాకు జలుబని చెప్పుకుంటారు. అందుకే కొట్లో ఆమె ముందు నిజం చెప్పలేకపోయాను. పరువు కోసం పట్టని డ్రైవ్ కొనుక్కొచ్చాను. ఇంతకంటే తెలివితక్కువ పని ఎవరైనా చేస్తారా?

వారమంతా మనసు మనసులో లేదు. పప్పు రెండుసార్లు మాడ్చాను. నువ్వు మూత విప్పి, అది పట్టక, చుట్టూ అందరూ చూస్తుండగా తెల్లమొహం వేసుకుని కూర్చోవడమే కళ్ల ముందు ఆడేది. ఇవాళ పొద్దున్నే, రత్నానికి చెప్పకుండా, ఒక్కదాన్నే మళ్లీ ఆ కొట్టుకు వెళ్లాను. అయినవాళ్లకు చెప్పుకోవాల్సింది కడపవాడికి చెప్పుకున్నాను. అతను నవ్వలేదు. "ఇందులో ఏముందక్కా, ఇక్కడ మా కొట్టుకొచ్చేటోళ్లలో సగం మంది ఇంటికి అట్లే సెప్తారు" అన్నాడు. పాతదైనా అన్నీ ఒక్క రకం కావట, మాడల్ తెలియకుండా ఇవ్వలేనన్నాడు.

అప్పుడు డ్రైవ్ కావాలని నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ గుర్తొచ్చింది. నువ్వు నాలుగు నిమిషాలు మాట్లాడతావు, నేను కుక్కర్ కూతల మధ్య సగం విని వదిలేశాను. కొట్లో కూర్చుని చివరి దాకా పెట్టాను. నీ గొంతు అతనూ విన్నాడు.

"అక్కా, సన్న పట్టీలాంటిది ఇస్తారేమో, తీసుకోకే. మనదానిలో దానికి చోటు లేదు. పెట్టెలాంటిది, రెండున్నర అంగుళాలది, శాటా అని అడుగు. మందం ఏడు మిల్లీమీటర్లు ఉండాలి. నేను వెనక మూత ఇప్పి చూశాలే, నువ్వేం కంగారు పడకు."

ఖాదర్ ఆ మాట ఇంకోసారి వినిపించమన్నాడు. విని, "నీ చెల్లెలికి ఈ పని బాగా తెలుసే. పాత డ్రైవ్ మీద తయారైన తేదీ అచ్చేసి ఉంటాది. మూత ఇప్పినాదంటే అదీ సూసింటాది కదక్కా" అన్నాడు.

నలుగురు కస్టమర్ల మధ్య కూర్చుని ఏడ్చాను. అతను పాపం టీ తెప్పించి, సీలు విప్పలేదు గనుక ఏమీ అనకుండా సన్నది వెనక్కి తీసుకుని, నువ్వు చెప్పిన రకం ఇచ్చాడు. ఈ పొట్లంలో ఉన్నది అదే. మార్చే ముందు పాతదానిలో ఉన్నవన్నీ వేరేచోటికి ఎక్కించుకోమన్నాడు. బ్యాటరీ తీసి, స్క్రూలన్నీ గిన్నెలో వేసుకోమన్నాడు. అవన్నీ నీకు తెలుసని ఇప్పుడు నాకు తెలుసు, అయినా రాయకపోతే నా మనసు ఊరుకోదు.

నువ్వు ఎప్పుడు చూశావు సుజా? మొదటి ఏడాదేనా? మొన్న వీడియో కాల్‌లో కూడా మీ అత్తగారు "మీ అక్క పంపిన కొత్తది అప్పుడే నెమ్మదైపోయిందేంటమ్మా" అంటే, నువ్వు "మనూరి కరెంటు అలాంటిది అత్తయ్యగారూ" అన్నావు. నన్ను ఒక్క మాట అనలేదు, ఒక్కసారి ఎగతాళి చేయలేదు. నిన్ను నేను కాచుకుంటున్నానని ఇన్నాళ్లూ మురిసిపోయాను. నాకు సిగ్గుగా ఉంది, చెప్పలేనంత సంతోషంగానూ ఉంది.

నేను బాగానే ఉన్నాను, దీని గురించి దిగులు పెట్టుకోకు. పుట్టింట్లో పెద్దమ్మకు నా దండాలు చెప్పి, నన్ను దీవించమని అడుగు. మరిదిగారికి నమస్కారాలు, చిన్నికి ముద్దులు. మీ అత్తగారికి నమస్కారాలు నువ్వు చెప్పొద్దు. వచ్చే ఆదివారం నేనే ఆవిడకు ఫోన్ చేసి, అది పాతదని నా నోటితో నేనే చెబుతాను. ఆవిడ ఏమన్నా పడతాను. నువ్వు మాత్రం నా తరఫున ఏమీ సర్దిచెప్పకు. పక్కన కూర్చో, చాలు.

ఇట్లు,
నీ అక్క
నాగమణి