క్రియాటినిన్ బాగానే ఉంది

2025 ఏప్రిల్ 3

మా అత్త రాజులమ్మకి పదిహేను రోజులుగా నడుం నొప్పి. ఉద్దానంలో నడుం నొప్పి అంటే అందరికీ ముందు కిడ్నీయే గుర్తొస్తుంది. పొద్దున్న నేనే బ్లడ్ తీసి పలాసలో నేను పనిచేసే ల్యాబ్‌కి పట్టుకెళ్ళాను. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 0.8, నార్మలే. ఫోన్‌లో చెప్తే అత్త వీధంతా చెప్పుకుందట.

అదే శాంపిల్‌కి, ఎముకల్లో తేడా ఉంటే పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా పెట్టాను. ఎవరూ అడగలేదు. నాలుగేళ్ళ కిందట ఆవిడకి రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది. నా మనసులో అదే ఉంది.

నూట ఇరవై దాటకూడదు. 388.

ఏప్రిల్ 4

మళ్ళీ రన్ చేశాను. 391.

ఏప్రిల్ 5, మధ్యాహ్నం

లివర్ వల్ల కూడా పెరగొచ్చు. లివర్ టెస్టు జీజీటీ చూశాను, నార్మల్. అయితే ఎముకే. ఇదొక్కటి చూసి క్యాన్సర్ అనలేం, స్కాన్ తీయాలి. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూసే సీఏ 15-3 టెస్టుకి శాంపిల్ విశాఖ పంపాను.

ఏప్రిల్ 8

విశాఖ రిపోర్టు వచ్చింది. సీఏ 15-3 పోయినేడాది 22. ఇప్పుడు 164.

మా ఆయన ఉమామహేష్‌కి చెప్పాను. జీడిపిక్కలు ఏరడం అయ్యాక విశాఖ తీసుకెళ్దాం, అంతవరకు అమ్మకి చెప్పొద్దన్నాడు. చెప్తే భయంతోనే సగం పోతుందట. సరే అన్నాను. ఎందుకన్నానో తెలీదు.

ఏప్రిల్ 12

కిడ్నీలు బాగున్నాయి కదా అని అత్త తోటకి వెళ్తోంది. పిక్కల బస్తా నెత్తిన పెట్టుకుని వస్తోంది. వద్దంటే నవ్వుతుంది. బాగున్నాయని రిపోర్టు ఇచ్చింది నేనే కదా.

ఏప్రిల్ 15

ఇవాళ చెప్పేద్దామనుకున్నాను. అత్త చేపలు కడుగుతూ ఏదో కూనిరాగం తీస్తోంది. చెప్పలేదు.

ఏప్రిల్ 17

అత్త తోటలో కూలబడింది. కుడి తొడ ఎముక విరిగింది. టెక్కలిలో ఎక్స్‌రే చూసిన డాక్టర్, పడ్డాక విరగలేదు, విరిగాకే పడింది అన్నాడు. ఎముక పురుగు తొలిచిన కర్రలా ఉంది. పాత జబ్బేమైనా ఉందా అని అడిగాడు.

విశాఖ వెళ్ళే అంబులెన్స్‌లో అత్త నా చెయ్యి పట్టుకుంది.

"పది రోజుల్నుంచి నువ్వు నా మొకం సూడ్డం లేదు. రగతంలో ఏటొచ్చింది?"

చెప్పాను. అన్ని నంబర్లూ.

"ముందే సెప్పుంటే నాను బస్తా ఎత్తుదునా?"

ఉమామహేష్ కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

మే 20

తొడలో రాడ్ వేశారు. రేడియేషన్ అయింది. ఇంటికి తెచ్చాం. ఇంకా నడవడం లేదు. ఇవాళ మళ్ళీ బ్లడ్ తీశాను. ఎంతొచ్చినా ముందు తనకే చెప్పాలంది, కొడుక్కి కాదు.

మే 22

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 340, కాస్త తగ్గింది. ముందు అత్తకే చెప్పాను. విని, తల దువ్వమంది.