చంటికి అనుమతి

కొత్తగా వచ్చిన మేనేజరు గారికి,
గోదాము గుమాస్తా నమస్కారాలు.

ఈ నెలంతా పిల్లలను పనిచోటుకు తెచ్చుకోవచ్చని మీరు పంపిన కాగితం చూశాను. మా ఆవిడ పుట్టింటికి వెళ్ళింది. మా చంటిని ఒంటరిగా వదలలేకపోతున్నాను. కొత్తవాళ్ళను చూస్తే మొహం తిప్పుకుంటాడు, పలకరించినా పలకడు. నలుగురిలో కూర్చుంటే నోరు విప్పుతాడని ఆశ. అనుమతి ఇప్పించగలరు.

విధేయుడు,
గుమాస్తా

తా.క. అల్లరి చేయడు. చేస్తే సంతోషించేవాళ్ళలో నేను మొదటివాణ్ణి.

*

గుమాస్తా గారికి,
క్షేమమని తలుస్తాను.

చంటి వయసు రాయలేదు. పాలు ఎన్నిసార్లు? రాత్రిళ్ళు ఏడుస్తాడా? మాటల గురించి బెంగ వద్దు. నాకూ ఆలస్యంగానే వచ్చాయట. ఇప్పుడు మీటింగుల్లో నన్ను ఆపేవాళ్ళు లేరు.

ఇట్లు,
మేనేజరు

తా.క. ఒళ్ళో కూర్చోబెట్టుకుని లెక్కలు రాయకండి. కాగితాలు తడుస్తాయి.

*

మేనేజరు గారికి నమస్కారాలు.

మొన్ననే ఇరవై మూడు నిండాయి. పాలు పొద్దున ఒకసారి, అదీ కాఫీలోనే. ఏడవడు. ఏడ్చినా మాకు తెలియనివ్వడు.

విధేయుడు,
గుమాస్తా

తా.క. ఒళ్ళో పట్టడు.

*

గుమాస్తా గారికి,

కాఫీ మాట చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఎవరండీ అలవాటు చేసింది? ముందు మాన్పించండి. అనుమతి ఇచ్చాను. గోదాము పక్కగదిలో ఉయ్యాల కట్టించండి, కత్తెరలు పైఅరలో పెట్టించండి. రేపు మా బుజ్జిని కూడా నేనే తెచ్చి దింపుతాను. బుజ్జి దగ్గర మౌనవ్రతాలు సాగవు.

ఇట్లు,
మేనేజరు

తా.క. బుజ్జికి పళ్ళు లేవు. గట్టివేమీ పెట్టకండి.

*

మేనేజరు గారికి నమస్కారాలు.

ఉయ్యాల బుజ్జి కోసమే అనుకుని కట్టించాను. బుజ్జి అంటే మీ అమ్మగారని తెలిశాక విప్పించాను. ముద్దుపేరు ఒకసారి పట్టుకుంటే ముసలితనం వచ్చినా వదలదు. మా చంటి సంగతీ అంతే. పొద్దున మీరు గేటు పుస్తకంలో సంతకం పెట్టి, “ఏం బాబూ, చంటివాడు నిద్ర లేచాడా?” అని ఒక గడ్డం కుర్రాణ్ణి అడిగారు. వాడే చంటి. ఇరవై మూడు అంటే ఏళ్ళు. ఉన్న ఉద్యోగం పోయినప్పటి నుంచి గదిలో తలుపు వేసుకుని కూర్చుంటున్నాడు. అమ్మగారు పొద్దుటి నుంచి మాట ఆపలేదు, వాడు మొదలుపెట్టలేదు. మీ కాగితం చిన్నపిల్లల కోసమని ఇప్పుడు అర్థమైంది. రేపటి నుంచి తీసుకురాను. మన్నించగలరు.

విధేయుడు,
గుమాస్తా

తా.క. ఉత్తరం మడిచాక జరిగింది రాస్తున్నాను. “మావాడు సంతకం పెట్టేటప్పుడు ఇంకా నాలుక బయటపెడుతున్నాడా?” అని అమ్మగారు నన్నడిగారు. నేను నోరు మెదపలేదు. చంటి మెదిపాడు. “పెడుతున్నారు మామ్మగారూ. ఇవాళ పొద్దున కూడా పెట్టారు” అన్నాడు. అనుమతి పొడిగించగలరు.