మోటారు వేయగానే వచ్చే నీళ్లు

ప్రియమైన మరదలికి,

పాల వ్యాను డ్రైవరు చేతికి ఈ ఉత్తరంతో పాటు ఒక సీసా ఇచ్చాను. మీ నీళ్ల పరీక్షల ల్యాబులో పెట్టు. మూత తీశావో, ఆ పూటకి తిండి మానేస్తావు. అవి మా బోరు నీళ్లే. గ్లాసులో పోస్తే అడుగున జిగట, పైన పేడ కంపు. పళ్లు తోముకుంటూ వాంతి చేసుకున్నాను. నీ మేనకోడలికి విరేచనాలు తగ్గడం లేదు, నెత్తురు కూడా పడుతోంది.

ఇదంతా కంచె అవతలి పందులాయన నిర్వాకం. ఆ దొడ్డి చూస్తేనే డోకొస్తుంది. మన గేదెల షెడ్డు మీ అన్నయ్య రోజూ కడిగి అద్దంలా ఉంచుతారు. వాళ్ల బోరు ఎండిపోతే పాపం కదా అని మన కుళాయి దగ్గర పట్టుకోనిస్తున్నాను కూడా. నిన్న వీధిలో అందరి ముందూ మొగుణ్ణీ పెళ్లాన్నీ దులిపేశాను. నువ్వు పందుల పేరు రాసి రిపోర్టు పంపు, మిగతాది నేను చూసుకుంటాను.

ప్రేమతో,
వదిన

---

ప్రియమైన వదినకు,

ముందు పాపను ఆస్పత్రికి తీసుకెళ్లు, ఉత్తరం తర్వాత చదువుదువుగాని.

మూత తీయక తప్పలేదు, తిండీ మానేశాను. పరీక్ష పళ్లెం నిండా పేడలో బతికే బ్యాక్టీరియా పొక్కుల్లా లేచింది. కాచకుండా చుక్క కూడా నోట్లో పోసుకోవద్దు. పాల క్యాన్లు కూడా ఆ నీళ్లతోనే కడుగుతున్నావా?

అయినా ఒకటి అర్థం కావడం లేదు. వాళ్ల దొడ్డి మీ బోరుకు దిగువన కదా, మురుగు ఎదురెక్కి ఎలా వస్తుంది? పొద్దున మోటారు వేయగానే వచ్చే నీళ్లు ఒక సీసాలో, బాగా పారాక వచ్చేవి ఇంకో సీసాలో పట్టి పంపు.

పాపకు ముద్దులతో,
నీ మరదలు

---

ప్రియమైన మరదలికి,

పాపకు సెలైన్ ఎక్కిస్తున్నారు. మూత్రపిండాలు దెబ్బతినకుండా చూడాలన్నాడు డాక్టరు.

పక్క మంచం మీద ఎవరనుకున్నావు? పందులాయన కొడుకు. అదే జబ్బు. "మా పందుల వల్లే నీ బిడ్డకీ నా బిడ్డకీ ఈ గతి పట్టిందమ్మా, వాటిని తెగనమ్మేస్తున్నాం" అని వాళ్లమ్మ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను చేతులు లాగేసుకున్నాను.

సీసాలు మీ అన్నయ్య పట్టారు. మొదటిది డికాషన్‌లా ఉంది, రెండోది తేటగానే ఉంది. సాయంత్రం ఆయన పైపు కొస పేడగుంటలో ముంచి మోటారు వేసి వదిలేస్తారు కదా, పేడ పలచనై తోటకు పారుతుందని. కరెంటు పోతే పైపు తెల్లారేదాకా అందులోనే ఉంటుంది. ఆ కంపంతా వదిలాక మళ్లీ పట్టమంటావా?

దిగులుతో,
వదిన

---

వదినా,

మళ్లీ పట్టొద్దు. మొదటి సీసాలో ఉన్నది నీళ్లు కాదు, పేడగుంటే. నేలలోంచి ఊరి వచ్చేదైతే రెండు సీసాలూ ఒకేలా ఉండేవి.

పైపు కొస గుంటలో ఉండగా మోటారు ఆగితే, పైపులోని నీళ్లు వెనక్కి బోరులోకి జారిపోతూ గుంటలోది కూడా పీల్చుకుపోతాయి. అలా పోకుండా అడ్డుకోవడానికి ఒక వాల్వు ఉండాలి. అది ఉందో లేదో అన్నయ్యను అడుగు.

పందులకు దీంతో సంబంధం లేదు వదినా. మన పేడ మనమే తాగాం, పొరుగువాళ్లకూ తాగించాం. రాస్తుంటే నాకే అసహ్యంగా ఉంది.

నీ మరదలు

---

ప్రియమైన మరదలికి,

అడిగాను. ధార సన్నగా వస్తోందని పోయిన వేసవిలో వాల్వు పీకేశారట. ఆ ముక్క చెప్పి గోడ వైపు తిరిగి కూర్చున్నారు. కుళాయి మూసేశాం, పాలు పోయడం ఆపేశాం. నా ఒళ్లు నాకే కంపు కొడుతోంది.

పాపకు గండం గడిచింది, మూత్రం సరిగా వస్తోంది. ఆ పిల్లాడికి ఇంకా రావడం లేదు. వాళ్లు పందుల్ని అమ్మేశారు. "ఇప్పుడు చెప్పి ఏం లాభం, ఊరుకో" అన్నారు మీ అన్నయ్య. నేను ఊరుకోలేకపోయాను. డాక్టరుకు చెప్పి, తర్వాత ఆ పిల్లాడి తల్లి దగ్గరికి వెళ్లాను. అప్పుడామె మన పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని జడ అల్లుతోంది.

"పందులు కాదమ్మా, మా పేడే. మీరు మా కుళాయి దగ్గర పట్టుకున్న నీళ్లే" అన్నాను.

ఆమె సగం అల్లిన జడ వదిలేసి, పాపను మెల్లగా మంచం మీదికి దించింది. సింకు దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, సబ్బు మళ్లీ మళ్లీ రాసుకుంటూ.

నీ వదిన