నేను కొట్టిన మందు

సెప్టెంబర్ 16, సోమవారం
పొరుగు రైతు లోవరాజు గారి చేనుని ఆనుకున్న మా మడిలో సుడిదోమ పట్టింది. దుబ్బు తడితే అరచేతి నిండా రాలింది. వేపకషాయం రెండుసార్లు కొట్టించాను. తగ్గలేదు. ఆదివారం మాకు డబ్బు సాయం చేసే ఫౌండేషన్ వాళ్ళు వస్తున్నారు. వాళ్ళతో పాటు కొవ్వూరు స్కూలు పిల్లలు. పదకొండు కుటుంబాలు కలిసి చేస్తున్న పద్నాలుగు ఎకరాలు ఇవి. ఆరేళ్ళుగా ఇక్కడ రసాయనం చుక్క పడలేదని బోర్డు రాయించింది నేనే. బయాలజీ టీచర్ ఉద్యోగం మానేసి వచ్చింది ఆ మాట కోసమే.

సెప్టెంబర్ 18, ఉదయం 5.50
పురుగుమందు కొట్టేశాను. ఎవరూ రాకముందే. డబ్బా నిన్న వంతెన దాటి రాజమండ్రిలో కొన్నాను. కొవ్వూరులో అందరూ నన్ను ఎరుగుదురు. చేతులు మూడుసార్లు కడుక్కున్నాను. ఒక్క మడే కదా.

సెప్టెంబర్ 18, సాయంత్రం
సూరమ్మ గారి బాతులు ఆ మడిలో దిగాయి.

పురుగుల్ని ఏరుకు తింటాయని ఆవిడే పెంచి మా చేలలోకి వదులుతారు. అటు వైపు రావనుకున్నాను. నిజానికి అనుకోలేదు, అసలు వాటి ఊసే నాకు తట్టలేదు. మధ్యాహ్నానికి మెడలు వాల్చేశాయి. ముప్పై నాలుగింటిలో ఏడు మిగిలాయి. సూరమ్మ గారు ఒక్కొక్కదాన్నీ నీళ్ళలోంచి తీసి గట్టు మీద వరసగా పెట్టారు. ఏడవలేదు. "పొద్దున్న బానే ఉన్నాయండి" అన్నారు, అంతే.

ఆవిడ భర్త చిట్టియ్య గారు మాత్రం ఊరుకోలేదు. మొన్న లోవరాజు మందు కొట్టాడట, ఆ నీరే గండి పడి ఇటు వచ్చిందట. అందరూ నా వైపు చూశారు. చదువుకున్నదాన్ని కదా. "అయ్యుండొచ్చు" అన్నాను.

సెప్టెంబర్ 19
ఈ రోజూ చెప్పలేదు.

సెప్టెంబర్ 22, ఆదివారం
పిల్లలు వచ్చారు. సూరమ్మ గారు నాట్ల పాట పాడి, వాళ్ళ చేతా పాడించారు. ఒక పాప బాతులేవని అడిగింది. పక్క ఊరికి మేతకి వెళ్ళాయని ఆవిడ చెప్పారు. పిల్లల మనసు నొప్పించకూడదని ఆ అబద్ధం. ఫౌండేషన్ వాళ్ళు ఆ మడి దగ్గరే నిలబడి ఫొటోలు దిగారు. అన్నిటికంటే పచ్చగా ఉన్నది అదే. నేల గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. చప్పట్లు కొట్టారు.

సెప్టెంబర్ 24
లోవరాజు గారు బుట్ట నిండా బాతుపిల్లల్ని తెచ్చి సూరమ్మ గారి ముందు దించారు. "తెలిసి చేసింది కాదమ్మా. నా నీరే వచ్చుంటది" అన్నారు. ఆయన భార్య నూకరత్నం గారు వెనకాల తల దించుకుని నిలబడ్డారు. ఈ పంటకి ఇక మందు కొట్టనని చెప్పి, కషాయం చేయడం నేర్పమని ఆయన నన్ను అడిగారు.

అప్పుడు చెప్పి ఉండాలి. ఫొటో తీశాను. "పొరుగు రైతు మారాడు" అని రాసి మా ఫేస్‌బుక్ పేజీలో పెట్టాను.

సెప్టెంబర్ 26
లోవరాజు గారింటి వెనక కషాయం కాయించాను. ఎంత ఆకు, ఎంత నీరు, ఎంతసేపు మరగాలి, అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా కాగితం మీద రాసుకున్నారు. నేను నమ్మలేకపోయిన కషాయం అది.

అక్టోబర్ 9
ఆయన చేలో గుండ్రంగా ఎండిన మచ్చలు కనిపిస్తున్నాయి, సుడిదోమే. ఇంకో తడవ కొట్టమంటారా టీచర్ గారూ అని అడిగారు. కొట్టండి అన్నాను.

అక్టోబర్ 17
రెండెకరాలూ మాడిపోయాయి. ఆయనకున్నవి ఆ రెండే. ఈ ఏడు తిండిగింజలు కూడా కొనుక్కోవాల్సిందేనని నూకరత్నం గారు అన్నారు. నా మీద కోపం లేదు ఆ మాటలో. నేనూ బాధపడుతున్నానని ఆవిడే నాకు కుర్చీ వేశారు. లోవరాజు గారైతే, "ఆ మూగజీవాల ఉసురండి. పోతే పోయింది" అన్నారు.

ఆ కుర్చీలో కూర్చున్నాను. లేచాక కూడా చెప్పలేదు.

అక్టోబర్ 20, ఆదివారం
చెప్పాను.

నెలవారీ మీటింగ్‌కి లోవరాజు దంపతుల్నీ పిలిచాను. ఎన్ని గంటలకి కొట్టానో, ఎక్కడ కొన్నానో, "అయ్యుండొచ్చు" అని ఎందుకన్నానో అన్నీ చెప్పాను. చిట్టియ్య గారు సగంలో లేచి వెళ్ళిపోయారు. సూరమ్మ గారు ఒక్కటే అడిగారు.

"నేను గట్టు మీద పెడతంటే మీరు పక్కనే ఉన్నారు కదండీ?"

ఉన్నానన్నాను.

లోవరాజు గారు మళ్ళీ చెప్పమన్నారు. మళ్ళీ చెప్పాను. "అయితే నా మందు వల్ల కాదన్నమాట" అన్నారు. భార్య వైపు తిరిగి, "మన వల్ల కాదంటే" అన్నారు. తిడతారనుకున్నాను. కొట్టినా పడదామనుకున్నాను. ఆయన అరుగు మీద కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నారు. నెల రోజులుగా ఆ మనిషి గుండెల మీద నేను పెట్టిన బరువు అది. పొలం సంగతి ఆయనకి ఆ తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు లేచి, నా వైపు చూడకుండా వెళ్ళిపోయారు.

అక్టోబర్ 22
మా కుటుంబాల పెద్దలు తేల్చారు. పనుల పెత్తనం ఇక చిట్టియ్య గారి అమ్మాయి సారికది. లోవరాజు గారింటికి ఏడాది తిండిగింజలు మా ఉమ్మడి పంటలోంచి వెళ్తాయి, ముందు నా వాటా మొత్తం. మందు పడిన మడి ధాన్యం విడిగా పెట్టి, ఉన్నమాట చెప్పి అమ్ముతారు. నన్ను వెళ్ళమనలేదు. ఉండమని కూడా అనలేదు. పేజీలో ఆ ఫొటో తీసేసి జరిగింది రాశాను. ఫౌండేషన్ వాళ్ళు ఫోన్ ఎత్తడం లేదు.

నవంబర్ 25
లోవరాజు గారి చేలో మాడిన దుబ్బులు పీకడానికి వెళ్ళాను. పిలవలేదు, నేనే వెళ్ళాను. పొద్దుటి నుంచి ఎవరూ నాతో మాట్లాడలేదు. మధ్యాహ్నం నూకరత్నం గారు గట్టు మీద అందరికీ వరసగా ఆకులు వేసి వడ్డించారు. నా ముందూ ఒక ఆకు వేశారు.

తిన్నాను. మారు వడ్డించబోతే వద్దనలేకపోయాను.