ఐజాక్ నంబరుకు వచ్చిన ఫోన్లు

మౌలాలి,
ఆదివారం, ఆరాధన అయ్యాక.

ప్రియమైన షెకీనాకు,

నీ అత్త రోసమ్మ దీవించి రాస్తున్నది. ఫోను చెయ్యొద్దన్నావు కాబట్టి చెయ్యడం లేదు. నీ ఫోను మీద ఐజాక్ పేరు కనిపిస్తే ప్రాణం ఆగిపోయినట్టు ఉంటుందన్నావు కదా. నా దగ్గరున్నది వాడి ఫోను ఒక్కటే. అందుకే ఈ ఉత్తరం. అయిదో తరగతి చదువు నాది, తప్పులుంటే సర్దుకుని చదువుకో బిడ్డా.

ఇక్కడ అందరికీ భయం పట్టుకుంది. గల్ఫులో యుద్ధమట, ఓడలు ఆగిపోయాయట, గ్యాస్ రాదట. టీవీలో ఒక మంత్రి కొరతే లేదంటాడు, ఇంకొకాయన పొదుపుగా వాడుకోండి అంటాడు. కొరతే లేకపోతే పొదుపెందుకని జనం ఇంకా బెదిరిపోయారు. మన పక్కింటి ఆటో పర్వతాలు, "అక్కా, సర్కారు ఉంటదో ఊడ్తదో మనకెర్కలేదు గని, నువ్వు మాత్రం జెర పప్పు, నూనె కొనిపెట్టుకో" అన్నాడు. నేనూ కొన్నాను. ఉప్పు అంత ఎందుకు కొన్నానో నాకే తెలియదు. తినేదాన్ని నేనొక్కదాన్నే. అన్నీ మంచం కిందికి తోసి, వాటి మీద కాపలా పడుకున్నట్టు పడుకుంటున్నాను.

అసలు సంగతి అది కాదు. మంగళవారం పొద్దున వాడి ఫోను మోగింది. ఎన్ని నెలలైందో అది మోగక. "ఐజాక్ భాయ్ ఉన్నడా?" అని ఎవరో మగమనిషి. రెజిమెంటల్ బజార్‌లో టిఫిన్ బండి పెట్టుకునే రామకృష్ణట. "ఒక్క సిలిండర్ జెర చూడుమను అమ్మా. లైను మారినంక భాయ్ మమ్ముల మర్సేపోయిండు" అన్నాడు.

నీకు తెలుసు కదా, ఏజెన్సీవాళ్లు వాడికి సిలిండర్లు వేసే ఆ బజారు లైను తీసేసి నేరేడ్‌మెట్ ఇచ్చారు. నేరేడ్‌మెట్‌లో ఆ అపార్టుమెంటు మెట్ల మీద, సిలిండర్ పక్కన పెట్టుకుని కూర్చున్నవాడు మళ్లీ లేవలేదన్న సంగతి బజారు వాళ్లకు తెలియదు. ఇంకా అక్కడ బండి తిప్పుతున్నాడనే అనుకుంటున్నారు. కొరత లేనప్పుడు గ్యాస్ బండివాడు ఎవరికి గుర్తుంటాడు? ఇప్పుడు గుర్తొచ్చాడు.

చెబుదామనే నోరు తెరిచాను. "బండి మీద ఉన్నాడు నాయనా, వచ్చాక చెబుతా" అని వచ్చింది నోటి నుంచి.

ఫోను పెట్టేసి మంచం మీద కూర్చున్నాను. కాసేపటికి, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, నవ్వొచ్చింది. వాడు బండి మీద ఉన్నాడు, వస్తాడు అని నా చెవులతో విన్నాను కదా, అన్నది నేనే అయినా. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను.

అప్పటి నుంచి రోజూ మోగుతోంది. ఐజాక్ అన్నా, ఐజాక్ బాబూ, ఐజాక్ భాయ్. మీ పెళ్లిలో కూడా ఇంతమంది నోట వాడి పేరు వినలేదు.

కొత్త బడి ఎలా ఉందో రాయి. వేళకు తిను.

నీ మీదే ప్రాణం పెట్టుకున్న అత్త,
రోసమ్మ


పాలకొల్లు,
గురువారం.

ప్రియమైన అత్తయ్య గారికి,

షెకీనా వందనాలు. మీ ఉత్తరం బస్సులో చదువుతూ దిగాల్సిన చోట దిగలేదు. రెండు స్టాపులు వెనక్కి నడిచాను.

అత్తయ్యా, కోప్పడకండి. ఇది తప్పు. ఫోను చేసేవాళ్లు ఊరికే పలకరించడం లేదు కదా, పొయ్యి ఆగిపోతుందని భయపడి చేస్తున్నారు. మీ మాట నమ్మి ఎవరైనా ఏజెన్సీకి వెళ్లకుండా ఇంట్లో కూర్చుంటే? ఇంట్లో పసిబిడ్డ ఉంటే, జబ్బు మనిషి ఉంటే?

ఆ నంబరుకు నెలనెలా రీచార్జి చేయిస్తున్నారు మీరు. ఇక ఆపేయండి. నేను వేరే సిమ్ము తీసి పంపిస్తాను. అప్పుడు రోజూ నేనే ఫోను చేసి మాట్లాడతాను. పోయినవాళ్లను పోయారని చెప్పుకోకపోతే మనం బతకలేం అత్తయ్యా. పాస్టరు గారు సమాధి దగ్గర చెప్పింది కూడా అదే కదా.

ఇక్కడా గ్యాస్ గోలే. స్టాఫ్ రూములో పరీక్షల సంగతి ఎవరికీ పట్టడం లేదు. ఒకావిడ కరెంటు పొయ్యి కొంటే, ఇంకొకావిడ "కరెంటు పోతే దాని మీద ముగ్గెట్టుకుంటారేంటండీ?" అని ఆట పట్టిస్తోంది. నేను వాళ్లలో ఎక్కువ కలవను. మన సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. అదే నయంగా ఉంది.

మీ మోకాళ్ల నొప్పికి నూనె రాసుకుంటున్నారా?

మీ కోడలు,
షెకీనా


మౌలాలి,
బుధవారం.

షెకీనా బిడ్డకు,

నువ్వు టీచరువి, తప్పూ ఒప్పూ నీకు బాగా తెలుసు. నేను కాదనను. కానీ నువ్వు రాసినంత తేలిగ్గా నాకు ఆ మాట రావడం లేదు.

అనసూయమ్మ అని ఒకామె రోజూ చేస్తుంది. బజార్‌లో పాత మేడ మీద ఉంటారట, ఆమె, పక్షవాతంతో మంచాన పడ్డ మొగుడు. మొదటిరోజు చెప్పెయ్యాలనే గట్టిగా అనుకున్నాను. ఆమె నన్ను మాట్లాడనిస్తేగా! "నీ కొడుకు ఎసొంటోడో నీకెర్కనా అమ్మా? సిలిండర్ వెట్టి గట్లనే పోడు. సబ్బునీళ్లు రాసి బుడగలొస్తున్నయా అని చూస్తడు. మా ముసలాయనను నేను ఒక్కదాన్ని పక్కకు మర్లియ్యలేనని, అచ్చినప్పుడల్లా ఆయనను మర్లించి, తలకింద మెత్త సర్ది పోతుండె. చాయ్ తాగుమంటే, లేటయితది తల్లీ అంటుండె" అన్నది.

ఈ సంగతులేవీ వాడు నాకు చెప్పలేదు. నీకైనా చెప్పాడా? నాకు తెలియని ఐజాక్ ఆమె దగ్గర ఉన్నాడు. వాడు లేడని చెప్పేస్తే ఆమె ఏడ్చి ఫోను పెట్టేస్తుంది, ఆ ఐజాక్ కూడా పోతాడు. అందుకని, "శనివారం తెస్తాడమ్మా" అన్నాను.

నీకొక మాట రాస్తాను, చించెయ్యి చదివి. అందరూ గ్యాస్ రాదేమోనని భయపడుతున్నారు. నేను వచ్చేస్తుందేమోనని భయపడుతున్నాను. ఓడలు కదిలి, బండ్లు వచ్చి, అందరి పొయ్యిలూ వెలిగితే ఈ ఫోను ఇక మోగదు. చర్చిలో అందరూ యుద్ధం ఆగాలని ప్రార్థన చేస్తుంటే నేను కళ్లు మూసుకున్నాను గానీ ఆమెన్ అనలేకపోయాను. దేవుడు చూడలేదంటావా?

రీచార్జి ఆపమని మాత్రం అడగకు.

అత్త,
రోసమ్మ


మౌలాలి,
శుక్రవారం.

ప్రియమైన షెకీనా,

ఆ ఉత్తరానికి నీ జవాబు రాలేదు. నా మీద అసహ్యం పుట్టిందేమో. పుట్టినా ఇది చదువు. నువ్వు అన్నదే అయింది.

శనివారం దాటింది. ఆదివారం అనసూయమ్మ చేసింది, "రేపు" అన్నాను. తర్వాత ఆమె ఫోను రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. మన ఇంట్లో ఉన్నది ఒక్క నిండు సిలిండరే కదా, అది పర్వతాలు ఆటోలో వేయించుకుని బజారుకు పోయాను. గల్లీలో అడుగుతూ వెతుక్కున్నాం. పాత చెక్క మెట్లు, నిట్టనిలువు. పర్వతాలు సిలిండర్ భుజానికెత్తుకుని ఎక్కుతుంటే వెనక నిలబడి చూడలేక గోడ వైపు తిరిగాను.

పైన ఇల్లంతా పొగ వాసన. డాబా మీద అట్టపెట్టెలు, పాత కుర్చీ కాళ్లు విరిచి కాల్చి జావ కాస్తున్నదట. ఓనరు వచ్చి తిట్టి అదీ ఆపించాడట. మంచం మీద ఆయనకు చాయ్ కూడా లేదు, చల్లటి పాలలో బ్రెడ్డు నానబెట్టి పెడుతున్నది. పక్కింటి వాళ్లు ఏజెన్సీ దగ్గర లైనులో నిలబడతాం, గ్యాస్ బుక్కు ఇమ్మన్నారట. "నా ఐజాక్ తెస్తడు, మీకెందుకు తక్లీఫ్" అని ఈమె ఇవ్వలేదు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నది.

"ఐజాక్ తల్లిని."

"అచ్చినవా! యాడున్నడు నీ సుపుత్రుడు? రేపు, రేపనుకుంట నన్ను పరేషాన్ జేసి సంపిండు. తల్లితోని చెప్పిస్తడు గని తాను ఫోన్ల మాట్లాడడు. ఎక్కువ పైసలిచ్చినోళ్లకు అమ్ముకుంటుండా? గసొంటోడు కాకుండె గదనే! వాని నోట్ల మన్నువడ!"

బిడ్డా, సమాధిలో మనం తలా ఒక పిడికెడు మన్ను వేశాం. నువ్వు వెయ్యలేక పిడికిలి తెరవకపోతే నేనే నీ వేళ్లు విప్పాను. అది గుర్తొచ్చింది. ఎవరి దగ్గరా మాట పడని పిల్లవాణ్ని మాట తప్పినవాడిగా, దొంగగా నిలబెట్టింది నేను. వాడిని బతికించుకుంటున్నాననుకున్నాను. వాణ్ని తిట్టించాను.

గోడ పట్టుకుని చెప్పాను. "ఐజాక్ చనిపోయాడమ్మా. పోయిన ఎండాకాలం. ఫోనులో అబద్ధాలాడింది నేను."

ఆమె నా ముందుకొచ్చి నిలబడింది. "సచ్చిపోయిన పోరని మీద నాతోని శాపాలు వెట్టిస్తివా? గా పాపం నా నెత్తిన వెడ్తివా?" అన్నది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. మంచం దగ్గరికి పోయి మొగుడి చెవిలో, "ఏమయ్యా, మన ఐజాక్ లేడంట" అన్నది. ఆయనకు మాట రాదు. ఒక కంట్లోంచే నీళ్లు కారాయి.

సిలిండర్ మాత్రం పెట్టనిచ్చింది. పర్వతాలు బిగిస్తుంటే నేను సబ్బునీళ్లు అడిగాను. ఇచ్చింది. బుడగలు రావడం లేదని చూసుకుని లేచాను. కూర్చోమనలేదు. మెట్లు దిగుతుంటే పైనుంచి పిలిచింది. "మల్ల రా. ఇయ్యాల కాదు. నా కోపం దిగినంక రా."

ఇంటికొచ్చి ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ నేనే చేశాను. రామకృష్ణ ఏడ్చాడు. ఒకామె "అయ్యో" అని, మళ్లీ వెంటనే, "మరి సిలిండర్ ఎవరు తెస్తరు?" అన్నది. నాకు కోపం రాలేదు. వాళ్లింట్లో అన్నం ఉడకాలి కదా. ఒకతను నమ్మలేదు, "నిన్న బండి మీదున్నడంటివి గదమ్మా" అన్నాడు. అతనికి చెప్పడానికే ఎక్కువ సేపు పట్టింది.

మౌలాలికి నిన్న ఒక బండి వచ్చింది. బండి చుట్టూ జనం కొట్టుకున్నంత పని చేశారు. నా సిలిండర్ వచ్చేదాకా పర్వతాలు వాళ్లింట్లో వండుకుంటున్నాను. రీచార్జి ఈ నెలతో అయిపోతుంది. ఆపమంటే ఆపుతాను. నువ్వే చెప్పు.

తప్పు చేసిన నీ అత్త,
రోసమ్మ


పాలకొల్లు,
శనివారం, స్కూలు నుంచే రాస్తున్నాను.

ప్రియమైన అత్తయ్యా,

మీ ఉత్తరం వారం రోజులుగా నా సంచిలోనే ఉంది. రోజూ తీసి చదివి మళ్లీ పెట్టేస్తున్నాను. మీ మీద అసహ్యం కాదు. మీకు జవాబు రాసే ముఖం లేక.

ఇక్కడ చేరిన రోజు హెడ్మిస్ట్రెస్ ప్రేమమణి గారు, "మీవారు ఏం చేస్తారమ్మా?" అని అడిగారు. "సికింద్రాబాదులో గ్యాస్ ఏజెన్సీలో అండి" అన్నాను. అంతే అత్తయ్యా, అక్కడ ఆగిపోయాను. ఆ తర్వాత క్రిస్మస్‌కు రాలేదేమని అడిగితే సెలవు దొరకలేదన్నాను. ఈస్టరుకు వస్తారన్నాను. ఇంటికి వెళ్తే అమ్మావాళ్లు నన్ను జాలిగా చూస్తారు. స్కూల్లో మాత్రం మొగుడు దూరాన ఉన్న మామూలు ఆడదాన్ని. ఆ ఆరు గంటల కోసమే పొద్దున్నే లేస్తున్నాను.

ఇప్పుడు ఈ గ్యాస్ గొడవ వచ్చింది కదా. అందరూ నా చుట్టూ చేరుతున్నారు. కాంతమణి టీచరు కూతురు పురిటికి వచ్చింది. ఇంట్లో ఉన్న సిలిండర్ ఇవాళో రేపో అయిపోతుందట. "మీ ఆయనకి ఏజెన్సీలో అందరూ తెలుసుంటారు కదమ్మా, ఇక్కడోళ్లకి ఒక మాట చెప్పిస్తావా?" అంటుంది. "అడుగుతాను" అన్నాను. రోజూ "ఏమన్నారు?" అని అడుగుతుంది. రోజూ ఏదో ఒకటి చెబుతున్నాను. మిమ్మల్ని తప్పన్న నోరే ఇది.

నంబరు ఆపమని ఇక చెప్పలేను. అది నన్ను అడగకండి.

నిన్న చెప్పేద్దామని ఆవిడ పక్కన కూర్చున్నాను. బెల్లు కొట్టలేదు, ఎవరూ పిలవలేదు. అయినా లేచి వచ్చేశాను. మీరు అన్ని ఇళ్లకు ఎలా చెప్పారత్తయ్యా? మొదటి మాట ఎలా వచ్చింది? అది ఒక్కటి రాయండి.

షెకీనా


మౌలాలి,
మంగళవారం.

నా బిడ్డ షెకీనాకు,

దీనికి మందలింపు లేదు. నిన్ను మందలించే నోరు నాకూ లేదు.

మొదటి మాట ఎలా వచ్చిందంటే, అది రాలేదు. దాన్ని బయటికి ఈడ్చాను. రెండో ఇంటికీ అంతే. ఎన్నో ఇంటికో తెలియదు, ఈడ్చకుండానే వచ్చింది. ఏడుపు మాత్రం మానలేదు.

నంబరు ఉంచాను. నిన్న కూడా ఒకరు చేశారు, చెప్పాను. ఇంకా తెలియనివాళ్లు ఎందరున్నారో.

పురిటి మనిషికి వేడినీళ్లు కావాలి, జావ కావాలి. కాంతమణి టీచరును ఇంకొక్క రోజు కూడా ఆపకు. శుక్రవారం నర్సాపురం బండికి పర్వతాలు నాకు టికెట్ తీశాడు. శనివారం పొద్దున పాలకొల్లులో దిగుతాను. స్టేషనుకు రా, ఇద్దరం కలిసి మీ బడికి పోదాం. నీకు నోరు పెగలకపోతే పక్కన నిలబడు చాలు. నేను చెబుతాను.

నాకు అలవాటయింది.

మీ ఊరికి బయలుదేరుతున్న,
రోసమ్మ